ఎత్తని ఎర్ర తువాలు

ఒక ఎర్ర తువాలు. తూకం వేస్తే పావుకిలో కూడా ఉండదు. ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను, ఇంకా దించలేకపోతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. మొహం ఎరిగినవాళ్ల ముందు ఈ మాట ఎన్నోసార్లు గొంతుదాకా వచ్చి వెనక్కి పోయింది.

నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బు ఉంది. తెలుసుకోవాలి. ఏదైనా సరే. రాయి కనిపిస్తే దాని కింద తేలుందో లేదో ఎత్తి చూడాల్సిందే. హిందూపురంలో పెళ్లి వీడియోలు తీసే రోజుల్లో అందరూ నగలు తీయమనేవాళ్లు. నేనేమో అప్పగింతలప్పుడు ఎవరి కళ్లు ముందుగా చెమ్మగిల్లుతాయా అని కెమెరా పట్టుకుని కాచుకునేవాణ్ని. నీ వీడియోలో ప్రాణం ఉంటుందప్పా అని మెచ్చుకునేవాళ్లు. అది మంచి గుణమే అనుకున్నాను.

సరిహద్దులో యుద్ధం ముగిసి రెండేళ్లయి ఉంటుంది. మిలిటరీ సినిమాలకు గిరాకీ పెరిగింది. ఒక చిన్న కంపెనీ పెనుకొండ కొండల్లో యుద్ధం తీయడానికి దిగింది. బండల మీద సుద్దపొడి చల్లితే అదే మంచు. ఆ డైరెక్టరుకు ఒకటే పట్టుదల: నటులు వద్దు, నిజంగా సైన్యంలో పనిచేసినవాళ్లే కావాలి. మనుషుల్ని పోగుచేసే పని నాకు అప్పజెప్పారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తిరిగి రిటైరైన జవాన్లను పదకొండు మందిని పట్టుకొచ్చాను.

వాళ్లను చూస్తూ ఉంటే నాకు పొద్దు తెలిసేది కాదు. టీకి కూడా వరసలో నిలబడేవాళ్లు. చేతిలో ఉన్నది కొయ్య తుపాకీ, అయినా దాన్ని పొరపాటున కూడా మనిషి వైపు తిప్పేవాళ్లు కాదు. శత్రువు వేషం వేసినవాడికి గురిపెట్టమంటే, ముందు దించి, ఖాళీదేనా అని చూసుకుని, అప్పుడు పెట్టేవాళ్లు. కొయ్యలో తూటా ఎక్కడి నుంచి వస్తుంది? అలవాటు. రొమ్ము విరుచుకుని అరుస్తూ పరిగెత్తమంటే నడుం వంచి చప్పుడు చేయకుండా పాకేవాళ్లు. మూడో రోజు డైరెక్టరు విసుక్కున్నాడు, మీరు సైనికుల్లా లేరే అని. పదకొండు మందీ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు.

వాళ్లలో ఒకడు ఓబులేసు. హవల్దారుగా రిటైరై, ధర్మవరం తిరిగొచ్చి, మళ్లీ తాతల నాటి మగ్గం ఎక్కినవాడు. పట్టుచీరలు నేస్తాడు. సన్నగా, తక్కువ మాటలతో ఉండేవాడు. మొదటి రోజే నన్ను పక్కకు పిలిచాడు.

"పేల్చేముందర నాకు తెలియల్లప్పా. అంతే నేనడిగేది. తెలిస్తే యాడికీ పోను, ఆడనే ఉంటా."

సరే అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. ఎందుకు ఎందుకు అని మూడుసార్లు అడిగాను. చివరికి చెప్పాడు. ఎప్పుడో ఉత్తరాన ఒక కొండ మీద, తనూ శివన్న అనే స్నేహితుడూ పక్కపక్కనే ఉన్నారట. ప్రమాదం ఉంటే ముందున్నవాడు చెయ్యి ఎత్తుతాడు. అది చూడవలసింది ఓబులేసు. చూసి శివన్నను కిందికి లాగాలి. బాంబు పేలింది. శివన్న పోయాడు. చెయ్యి ఎత్తానని ఆ ముందున్నవాడు అన్నాడు. ఓబులేసుకు కనపడలేదు. వాడు ఎత్తలేదా, తను చూడలేదా? అప్పటినుంచి తేలలేదు.

ఇంత విన్నాకే, గుర్తుంచుకోండి, ఇంత విన్నాకే నేను ఆ పని చేశాను.

ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. భూమిలో పాతిన మందుగుండుకు వైరు కట్టి, ఒకాయన స్విచ్చి నొక్కుతాడు. నేను కెమెరా పక్కన బండ మీద నిలబడి, ఆయన చెయ్యి స్విచ్చి మీదికి పోవడం చూసి ఎర్ర తువాలు పైకెత్తాలి. మూడంకెలు లెక్కపెట్టేలోగా పేలుతుంది. మూడు రోజులు ఒక్కసారి కూడా తప్పలేదు. ఓబులేసు కదల్లేదు, బెదరలేదు.

నాలుగో రోజు డైరెక్టరు సణిగాడు. ఆ ధర్మవరం ఆయన మొహంలో భయమే లేదు, బాంబుతో ముందే మాట్లాడుకొచ్చినట్టున్నాడు అన్నాడు. అంతే అన్నాడు. తువాలు ఎత్తవద్దని నాకు చెప్పలేదు. తువాలు సంగతే ఆయనకు తెలియదు. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకు? ఆ ప్రశ్న ఇన్నేళ్లుగా వేసుకుంటున్నాను. సినిమా బాగా రావాలనా? కాదు. డైరెక్టరు మెప్పు కోసమా? కొంచెం ఉండొచ్చు. అసలు సంగతి వేరు. ఆ మనిషి లోపల ఏముందో చూడాలనిపించింది. శివన్న పోయిన రోజు ఆ మొహం ఎలా ఉండిందో చూడాలనిపించింది. రాయి ఎత్తి చూడాలనిపించింది.

స్విచ్చి మీదికి చెయ్యి పోయింది. తువాలు నా చేతిలోనే ఉంది. ఎత్తలేదు.

పేలింది. సుద్దపొడి పైకి లేచింది. ఓబులేసు పక్కనున్న జవాను మీద పడి, వాణ్ని తన ఒంటి కింద కప్పేసి, ఏదో అరిచాడు. శివన్నా అని అరిచాడని నాకొక్కడికే తెలుసు. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. సెట్టంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

తర్వాత నా దగ్గరికొచ్చాడు. కనుబొమల మీద సుద్ద. నామీద కోపంతో వస్తున్నాడనుకున్నాను. కోపం లేదు.

"తువాలు ఎత్తినావా అప్పా?"

"ఎత్తినా. నువ్వే చూడలేదు."

అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. నోరు తెరవకముందే తయారుగా ఉన్నట్టు. ఆయన కనుబొమల మీది సుద్ద తుడుచుకున్నాడు.

"అయితే అప్పుడు గూడా నేనే చూడలేదన్నమాట."

నన్ను క్షమించమన్నాడు కూడా. నన్ను! నీకు చెడ్డపేరు తెచ్చేవాణ్ని కదప్పా అన్నాడు. నేనేమన్నానో తెలుసా? పర్వాలేదు అన్నాను. ఇంత సిగ్గులేని మాట నా జన్మలో ఇంకోటి అనలేదు.

సినిమా వచ్చింది. హిందూపురంలో రెండు వారాలు ఆడింది. ఆ సీనుకు ఈలలు వేశారు. ఆయన అరుపు తీసేసి, ఎవరి గొంతుతోనో జైహింద్ అని పెట్టారు. పెదవులు మాత్రం వేరే మాట అంటున్నాయి.

నాలుగైదేళ్లకు ఒక పెళ్లి పనిమీద ధర్మవరం పోయి, వాళ్లింటికి వెళ్లాను. ఎందుకు పోయాను? చెప్పేయడానికి అనుకుంటూ పోయాను. ఓబులేసు మగ్గం మీద ఉన్నాడు. నేసిన జానెడు మేర మళ్లీ విప్పుతున్నాడు. నన్ను చూసి నవ్వి, రా అప్పా కూచో అని, మళ్లీ పోగుల మీదికి వంగాడు. ఆయన భార్య నాకు నీళ్లిస్తూ మెల్లగా చెప్పింది. వారానికి అయ్యే చీరకు ఇప్పుడు నెల పడుతోందట. చీర మీద బుటా పువ్వు సరిగానే పడినా తప్పు పడింటాదని విప్పుతాడట. కంటి డాక్టరుకు చూపిస్తే కండ్లు బాగున్నాయన్నాడట.

"ఆ సినిమా కాడ్నుంచి ఈయన తన కండ్లను తానే నమ్మడన్నా," అంది.

నీళ్లు తాగాను. గ్లాసు కింద పెట్టాను. వచ్చేశాను.

ఓబులేసు ఇప్పటికీ ఉన్నాడు. మగ్గం మానేశాడని విన్నాను. హిందూపురం నుంచి ధర్మవరం ఎంత దూరం? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం కూటికి ఇంటికి రావచ్చు. ఆయనకు చెప్పవలసింది మీకు చెబుతున్నాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు. వేరేవాళ్లకు చెబితే కూడా పోతుందా? పోదనే అనుకుంటున్నాను. అయినా చెబుతుంటే ఊపిరి ఆడుతోంది.

ఇంకొక్కటి ఉంది. ఆ సినిమా సీడీ నా దగ్గర ఉంది. జబ్బు పోలేదు కదా, ఒకరోజు ఆ సీను ఆపి ఆపి చూశాను. పేలడానికి ముందు క్షణం ఓబులేసు మొహం తెరమీద స్పష్టంగా ఉంది. కళ్లు శత్రువు వైపు లేవు. పక్కకు, కెమెరా అంచు మీదుగా, నేను నిలబడిన బండ వైపు ఉన్నాయి. రెప్ప కూడా వేయలేదు. ఈలలు వేసినవాళ్లందరి ముందూ ఉండిందది, ఎవరికీ తెలియలేదు. ఆ మనిషి చూస్తూనే ఉన్నాడు. నేనే ఎత్తలేదు.