ఛటాక్ మీద కొసరు

తప్పులుంటే ఏమనుకోకుండ్రి, అయిదో తరగతి దాకనే చదివిన. నా చేతిరాత కోడి గీకినట్టుంటది, అందుకే ఫోన్ల, మన జోగిపేటోళ్ల గ్రూపుల రాస్తున్న.

పటాన్‌చెరు దగ్గర మసాలాల కంపెనీల తూకం పనికి చేరిన. ప్యాకెట్ల వాము నింపి, చీటీ మీద ఇంగ్లీషుల యాభై గ్రాములని రాయాలె. రాసుడు మా ఆయన నేర్పిండు. కానీ వాము వాసనకు జోగిపేటల మా అమ్మ దుకాణం యాదికొస్తది. గుర్తుందా, ఛటాక్ వాముకు, అంటే గీ యాభై గ్రాములంతకే, వచ్చి "కొసరెయ్యవా అత్తా?" అని మీరంత అరిచేటోళ్లు. "ఏసిన బిడ్డా, కండ్లు కనవడ్తలేవా?" అనుకుంటనే అమ్మ ఇంకో చిటికెడు వేసి పొట్లం కట్టేది.

ఇప్పుడు కాంటా యాభై చూపెట్టంగనే నా వేళ్లు కూడా ఇంకో చిటికెడు వేస్తున్నయి. ఇయ్యాల సూపర్‌వైజర్ మేడం నా ప్యాకెట్లన్నీ విప్పించింది. "రాసిందొకటి, నింపిందొకటి. రేపు గూడ గిట్లనే అయితే ఊడ్చే పనికి పంపుత" అన్నది.

అప్పటి సంది మనసు నిలుస్తలేదు. ఇంట్ల బియ్యం డబ్బాతోని కొలిచి చూసుకున్న, చివరికి ఇంకో గుప్పెడు పోసిన. కొసరు లేకుంటే ఎవరికో తక్కువ చేసినట్టే ఉంటది. ఆ కొసరును చీటీ మీద ఇంగ్లీషుల ఎట్ల రాస్తరో తెల్సినోళ్లు పొద్దుగాల్ల లోపల చెప్పుండ్రి. చెప్పినంక ఇది మీ ఫోన్లకెళ్లి తీసెయ్యుండ్రి, మేడం కూడా మన ఊరామెనే, ఈ గ్రూపుల ఉన్నది.