సూది చీటీ

మా బాపును ఊళ్లో అందరూ ముందుచూపున్న మనిషి అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఊరు దాటాలంటే ఆయన వారం ముందు నుంచే సర్దడం మొదలుపెట్టేవాడు. వడదెబ్బ తగలకుండా ఆడవాళ్ల కొంగుకు, తన రుమాలుకు ఉల్లిగడ్డ ముడివేసేవాడు. నీళ్లు మారితే జ్వరమొస్తుందని సొరకాయ బుర్ర నిండా ఇంటి బావి నీళ్లు నింపేవాడు. జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, చెప్పు తెగితే కుట్టుకోవడానికి దబ్బనం. ఏదీ మరిచేవాడు కాదు. అదే నా బాధ.

తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్తలో, ఒక ఎండాకాలం, మంచిర్యాల దగ్గర గోదావరి స్నానానికి బయలుదేరాం. అప్పుడు నాకు పదమూడేళ్లు. అంతకు ముందు ఏడు నాకు అమ్మవారు పోసి తగ్గితే, పిల్లను గోదావరిలో ముంచి తెస్తానని అవ్వ, అంటే మా అమ్మ, మొక్కుకుంది. ఆమె రైలెక్కడం అదే మొదలు. పెద్దపల్లి స్టేషను ఎంత పెద్దగా ఉంటుందని బాపును పదిసార్లు అడిగింది.

ఆ ఏడు గత్తర తిరుగుతోంది. వాంతులు, విరేచనాలతో మనుషులు ఒక్క పూటలో పోతున్నారు. గత్తర సూది వేయించుకున్నట్టు చీటీ చూపిస్తేనే టికెట్టు ఇస్తామన్నారు. ముగ్గురం దవాఖానకు నడిచాం. దారిలోనే బాపు నిర్ణయం చేసేశాడు. సూది పడితే చెయ్యి వాచి మూడు రోజులు పైకి లేవదు. చెయ్యి లేవకపోతే మగ్గం ఆగుతుంది. పెళ్లివారి చీరలు ప్రయాణానికి ముందే నేసివ్వాలి. ఆయన నేయాలి, అవ్వ నూలు కండెలు చుట్టాలి. నా చేతితో అంత అవసరం లేదు.

"పిల్లకు ఏయుండ్రి సారూ. మా ఇద్దరికి ఉత్త చీటీలు రాసియ్యుండ్రి. మగ్గం ఆగితే పరేషాన్ అయితది" అని, తాను నేసిన తువ్వాల ఒకటి కంపౌండరు బల్ల మీద పెట్టాడు.

"నాకు గూడ ఏయనియ్యుండ్రి" అంది అవ్వ, మెల్లగా.

"నీకేమైతది? మనం తాగేది ఇంటి నీళ్లేనాయె."

నా భుజం వాచింది. నేనేం పాపం చేశానని నాకొక్కదానికే సూది అంటూ ఏడ్చాను. అవ్వ కండెలు చుట్టడం ఆపి ఉప్పుమూటతో కాపడం పెట్టింది.

మంచిర్యాల చేరేసరికి బుర్రలో నీళ్లు ఇంకా సగం ఉన్నాయి. కానీ గోదావరిలో మునిగిన మనిషి మూడు దోసిళ్లు తీర్థమని నోట్లో పోసుకోకుండా ఉంటుందా? అవ్వ కళ్లు మూసుకుని, నా పేరు చెప్పుకుని తాగింది. బాపు గట్టు మీద రొట్టెల మూట విప్పుతున్నాడు. తీర్థం తాగడం గురించి ఆయన ముందుగా ఆలోచించలేదు.

రాత్రంతా వాంతులై, తెల్లారేసరికి అవ్వ లేవలేకపోయింది. కళ్లు గుంటలు పడ్డాయి. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని రేవు దగ్గర డాక్టరు డేరాకు తీసుకుపోయాం. గత్తర పట్టినవాళ్లను పక్క డేరాలో పడుకోబెట్టి నరానికి సీసా నీళ్లు ఎక్కిస్తున్నారు. జనం ఎగబడుతున్నారు. డాక్టరు తల ఎత్తకుండానే అడిగాడు: "గత్తర సూది ఏయించుకున్నదా?"

బాపు రుమాలు విప్పి చీటీ తీశాడు. అబద్ధం బయటపడితే జైల్లో వేస్తారని భయపడ్డాడని తర్వాత తెలిసింది. "ఏయించుకున్నది సార్" అన్నాడు. ఆయన రెండో చెయ్యి నా మణికట్టును బిగించింది.

"సూది పడ్డది గద, గత్తర గాదు. ఎండ తాకింది. నీడకు పండవెట్టి మజ్జిగ తాపుండ్రి."

అవ్వ నా వంక చూసింది. నేను నేల వంక చూశాను.

పొద్దు వాలకముందే పోయింది. కొంగుకు కట్టిన ఉల్లిగడ్డ కట్టినట్టే ఉంది.

మూడు రోజులు ఆగుతుందని బాపు భయపడ్డ మగ్గం, మైల వల్ల పదకొండు రోజులు ఆగింది. ఊరివాళ్లు వచ్చి, ఇంత జాగ్రత్త మనిషికే ఇట్లా అయిందని ఓదార్చిపోయారు. ఆయన తల ఊపాడు.

నేను పంతులమ్మనై ఆసిఫాబాద్ పోయే రోజు బాపు యథాప్రకారం అన్నీ సర్దాడు. అన్నీ అయ్యాక, "సూది ఏయించుకున్నవా బిడ్డా?" అని అడిగాడు.

"చీటీ ఉన్నది బాపూ" అన్నాను.

బాధపెట్టాలనే అన్నాను. ఆయన తల వంచుకుని నా కొంగుకు ఉల్లిగడ్డ ముడివేశాడు. ఆ రోజు డేరాలో నీ నోరేమైందని మాత్రం ఆయన బతికున్నన్ని రోజులు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.