పొయ్యికి మూడో రాయి

పొయ్యి రగలని మంద మందే కాదనేది మారెన్న మాట.

కురువ మారెన్నది పత్తికొండ పక్కన ఒక మెట్ట పల్లె. ఎండలు ముదిరి అక్కడ గడ్డిపోచ కరువైతే గొర్రెల్ని తోలుకుని బనగానపల్లె, కోయిలకుంట్ల, మైదుకూరు మీదుగా బద్వేలు దాకా దిగుతాడు. చెరువు కింద మాగాణుల్లో వరి కోసిన కొయ్యకాలు మేపుతాడు. రాత్రిళ్లు ఆ చేలల్లోనే మంద నిలుపుతాడు. గొర్రెల పెంట చేనుకు బలం. ఆ బలానికి బదులుగా ఆసామి కాపర్లకు బియ్యమో జొన్నలో కొలుస్తాడు. తాతల నాటి నుంచీ నడుస్తున్న పద్ధతి ఇది. దీనికి కాగితం లేదు, సంతకం లేదు. కాపరి పేరే పూచీ.

ఆ పేరంటే మారెన్నకు ప్రాణం. ఎవరు కదిలించినా, కదిలించకపోయినా ఏకరువు పెట్టేవాడు.

"మీసం మొలవకముందే మందకు పెద్దనైనా. కుందూ పొంగి పారుతాంటే ఒక్క పిల్ల పోకుండా మందను దాటించినా. ఎర్రమల కొండల్లో తోడేలును ఒంటిగా తరిమినా. ఐదో తరగతి దాకా సదివినా. మా కాపర్లలో పలక పట్టినోణ్ని నేనొక్కణ్నే. నేను దిగిన చేన్లో మట్టిగడ్డ కూడా అటుది ఇటు కాలేదు."

చివరి మాట ఎప్పుడూ అదే. అది అన్నాక మీసం మీద చెయ్యి వేసేవాడు.

అంతటి మారెన్నకు ఈ ఏడు ఒంటినిండా కోపమే. ఎండ మీద కాదు, దారిలో హారన్లు కొట్టే లారీల మీద కాదు. తిండి మీద. పెళ్లాం పోయాక మంద వంట తమ్ముడి కోడలు ఓబులమ్మ చేతికొచ్చింది. ఆమె మొగుడు రామాంజి మందకు ముందు నడిస్తే, ఓబులమ్మ వెనక నడుస్తుంది. కుంటి గొర్రెల్ని అదిలిస్తూ, దారిలో ఈనిన పిల్లల్ని వల సంచిలో వేసుకుని వీపున మోస్తూ పొద్దంతా నడుస్తుంది. పొద్దుగూకే వేళకు దిగుడు, అంటే ఆ రాత్రికి మంద ఆగే చోటు, చేరాక ఆమె పొయ్యి జోలికి పోదు.

పోకుండానే తిండి పెడుతుంది. ఇంటి దగ్గరే జొన్న రొట్టెలు పలచగా కాల్చి, అప్పడాల్లా ఎండబెట్టి గుడ్డలో మూట కట్టుకొస్తుంది. అవి నెల దాటినా చెడవు. విరిచి మజ్జిగలో వేసి, పైన చెనక్కాయల పొడి చల్లితే ఒక పూట గడుస్తుంది. పొద్దున నానేసిన పెసలకు ఇంత ఉప్పు, ఉల్లిగడ్డ కలిపితే ఇంకో పూట. అన్నిటికన్నా ఆమెకు ఇష్టమైనది బొరుగులతో, అంటే మరమరాలతో, చేసే ఉగ్గాని. మామూలుగా ఉగ్గానికి తిరగవాత కావాలి, తిరగవాతకు మంట కావాలి. ఓబులమ్మ ఆ తిరగవాతను ఊర్లోనే వేసి తెస్తుంది. చెనక్కాయల నూనెలో ఆవాలు, కరేపాకు, పసుపు, చింతపండు గుజ్జు వేసి, నీరంతా ఇగిరిందాకా వేయించి సీసాకెత్తుతుంది. దిగుడులో బొరుగుల్ని నీళ్లలో ముంచి, పిండి, సీసాలోంచి రెండు గరిటెలు వేసి, పప్పుల పొడి చల్లి కలుపుతుంది. గొర్రెలు పడుకునే లోపల మనుషుల తిండి అయిపోతుంది.

మారెన్నకు అది తిండే కాదు. ఒకసారి చిన్న గ్యాసు పొయ్యి కొందామన్నందుకు రామాంజి వారం రోజులు తిట్లు తిన్నాడు. కాపరికి మూడు రాళ్ల పొయ్యి, దాని మీద సంగటి ఉండాల్సిందే. అది కూడా దిగుడు దిగుడుకూ కొత్త రాళ్లతో. పొయ్యి రాళ్లను ఒక చేను నుంచి ఇంకో చేనుకు మోస్తే కాపరి ఇల్లు చేరడని వాళ్ల నమ్మకం.

బద్వేలు దగ్గర రసూల్ సాహెబ్ చేన్లో దిగిన సాయంత్రం ఆ కోపం కట్ట తెంచుకుంది. మరుసటి రాత్రికి మంద ఆ పక్కనే ఉన్న నరసింహ చేన్లోకి మారాలి. ఆ చెరువు కింద నరసింహ మాటకు విలువుంది. ఆయన సరేనంటే మిగతా ఆసాములూ పిలుస్తారు, కాదంటే ఎవరూ పిలవరు. ఆ చేలు దొరక్కపోతే వానలు పడేదాకా మందకు మేత లేదు.

ఓబులమ్మ పళ్లెం ముందు పెట్టింది.

"ఏందిమ్మే ఇది?"

"ఉగ్గాని, మామా."

"నిన్నేం పెడ్తివి?"

"నిన్న రొట్టె మజ్జిగ. మొన్న ఉగ్గాని. అంతకుముందు కూడా ఉగ్గానే. నువ్వు అడగకముందే చెప్తాండా."

"నవ్వులాటగా ఉండాదా? పొద్దంతా నడిసినోనికి నానిన బొరుగులా? పిట్టకు ఏసినట్ల ఏస్తాండావే!"

"పొద్దంతా నేనూ నడిసినా మామా. నా కాళ్లు మాత్రం ఇనప కాళ్లా? పొయ్యి కావాలంటే ఈడ రాయి యాడుంది? చెరువు కింద మట్టి. గులకరాయి దొరికితే నా కొప్పులో పెట్టుకుంటా."

రామాంజి ఫక్కుమన్నాడు. ఆ నవ్వుతో మారెన్న భగ్గుమన్నాడు. పళ్లెం పక్కకు తోసి లేచాడు.

"రాయి నేను తెస్తా. సంగటి నేనే కెలుకుతా. మీరు పిట్టల మాదిరి ఏరుకు తినండి!"

మసక చీకట్లో గట్టు వెంబడి పోయాడు. పాత మోటబావి దగ్గర ఒక రాయి దొరికింది. కాలవ తూము దగ్గర ఇంకోటి దొరికింది. మూడోది ఎంతసేపటికీ దొరకలేదు. కోపంతో కాళ్లీడ్చుకుంటూ తిరిగొస్తుంటే గట్టు మీద బురదలో సగం దిగిన రాయి ఒకటి కాలికి తగిలింది. మూరెడు పొడవు, చదునైన నెత్తి, పొయ్యికి కొలిచి చేసినట్టుంది. అటూ ఇటూ ఊపి పీకి, భుజాన వేసుకుని గెలిచినవాడిలా వచ్చాడు.

నూకలు ఉడికించి, రాగిపిండి పోసి, కట్టెతో కెలికి, ముద్దలు చేశాడు. పొగకు కళ్లు మండుతున్నా, ఇదీ తిండంటే అని ఊరంతా వినేటట్టు అన్నాడు. ఓబులమ్మ అప్పటికే నిద్రపోయింది. రామాంజి మాత్రం ఉగ్గాని తిన్న కడుపుతోనే భయానికి ఒక ముద్ద తిన్నాడు.

తెల్లారేసరికి గట్టు మీద కేకలు. నరసింహ రసూల్ సాహెబ్ భుజం మీది తువ్వాలు పట్టి గుంజుతున్నాడు.

"రాత్రికి రాత్రి హద్దురాయి మాయం చేస్తావా సాయెబూ? ఎన్నేండ్ల తగాదా! సర్వేవాళ్లు కొలిచి నాటిపోయి ఇంకా ఏడు తిరగల్యా!"

"అల్లా తోడప్పా, నేను ముట్టల్యా. నాకేం పని?"

"నువ్వు ముట్టకపోతే నీ గొర్రెలోళ్లు ముట్టినారు. మంద దిగిన రాత్రే పోవాల్నా? ఎవుని చెవిలో పూలు పెడ్తాండావు?"

మారెన్న చెవిన ఆ మాట పడింది. ఇంకేం, తలగుడ్డ బిగించి దూకాడు.

"నోరు జాగ్రత్త నరసింహా! గొర్రెలోళ్లంటే ఎవురనుకున్నావు? మీసం మొలవకముందే మందకు పెద్దనైనోణ్ని. కుందూ దాటించినా. తోడేలును తరిమినా. నేను దిగిన చేన్లో మట్టిగడ్డ..."

"మామా." ఓబులమ్మ గొంతు వెనక నుంచి వచ్చింది. చిన్నగానే పిలిచింది గానీ, మారెన్న మాట అక్కడే ఆగింది.

ఆమె పొయ్యి దగ్గర కూచుని బూడిద ఎత్తుతోంది. ఆమె వేలు చూపిన చోట, మసి కింద, మూడో రాయి నెత్తిన ఉలితో చెక్కిన గుర్తు ఉంది. దాని కింద అంకెలున్నాయి. మారెన్న చదవగలిగిన అంకెలే.

రామాంజి దగ్గరికి జరిగి గుసగుసలాడాడు. "పెదనాయనా, ఎవురూ సూడల్యా. గోనెసంచిలో పెట్టుకుపోయి చెరువులో వదిలేచ్చా. సాయెబూ, ఆయప్పా వాళ్లకు వాళ్లే కొట్టుకుంటారు."

గట్టు మీద రసూల్ సాహెబ్ తువ్వాలు చిరిగింది. ఆ మనిషి తెల్ల గడ్డం వణుకుతోంది.

మారెన్న ముఖంలోకి నెత్తురంతా ఎక్కింది. అంత కోపం ఆయనకు జన్మలో రాలేదు. ఎవరి మీదో తెలియలేదు. అందుకని ముందు రామాంజి మీద పడ్డాడు.

"నోర్ముయ్యి! సిగ్గుమాలినోడా, దొంగతనం నేర్పిస్తాండావా నాకు?"

ఇంకా వేడి చల్లారని రాయిని తలగుడ్డతో పట్టి ఎత్తాడు. ఉత్త తలతో గట్టెక్కి ఇద్దరి మధ్యనా దడేల్మని పడేశాడు.

"ఇదో మీ రాయి! నేనే పీకినా. మసకలో పొయ్యికని పీకినా. సాయెబుకు సమ్మందం ల్యాదు. ఇడువు ఆ తువ్వాలు!"

నరసింహ వదిలాడు. రాయిని చూశాడు, మసిని చూశాడు, మారెన్నను చూశాడు.

"ఐదో తరగతి సదివినోనివి కదప్పా. రాయి మీద రాసింది కనపల్యా?"

మారెన్న దవడలు బిగుసుకున్నాయి.

"ఓబులమ్మా," అన్నాడు నరసింహ, "మీ మామ సంగటిలో మా చేను కూడా కెలికి తినేసినాడు సూడు."

నవ్వితే మామ ఏమవుతాడోనని ఓబులమ్మ తల వంచుకుంది.

రాయి దొరికింది సరే, నాటేది ఎక్కడ? గొర్రెలు తెల్లవారుజామున గట్టంతా తొక్కి గుంత ఆనవాలు లేకుండా చేశాయి. నరసింహ ఇక్కడన్నాడు. సాహెబ్ కాదు అక్కడన్నాడు. రెండు చోట్ల మధ్యా ఒక మనిషి పడుకునేంత తేడా ఉంది. గొంతులు మళ్లీ లేచాయి. తువ్వాలు మళ్లీ చేతికందేలోపు, కాపర్లకని మజ్జిగ కడవ తెచ్చిన సాహెబ్ భార్య మహబూబ్ బీ దాన్ని గట్టు మీద ఠక్కున దించింది.

"అరిసేది ఆపి తవ్వండప్పా. రాయి నాటిన పొద్దు గుంతలో బొగ్గులు పోయించింది నేను కాదా? నరసింహన్నా, నువ్వూ ఉండావు గదా, 'ఎందుకు సాయెబమ్మా' అని నవ్వితివే! రాయి పోతాది, బొగ్గు పోదని మా అత్త చెప్పేది. బొగ్గు యాడుంటే రాయి ఆడ."

నరసింహ తల గోక్కున్నాడు. గుర్తొచ్చింది.

రామాంజి పార తెస్తే మారెన్న లాక్కున్నాడు. ఎవర్నీ చెయ్యి వేయనివ్వలేదు. గట్టు పొడుగునా తవ్వుతూ పోయాడు. ఒక్కో పోటుకూ ఒక్కో తిట్టు: మట్టికి, చీకటికి, సర్వేవాళ్లకు, బొరుగులకు. ఎండ ఎక్కింది. చొక్కా వీపుకు అంటుకుంది. చివరికి పార కింద నల్లగా పొడి రాలింది. ఇద్దరు చెప్పిన చోటూ కాదది, రెంటికీ నడుమ. మారెన్న మోకాళ్ల మీద కూచుని రాయిని దింపి, చుట్టూ మట్టి కూరి, కాలితో కాదు, చేత్తో అదిమాడు. రాయి నెత్తిన సంగటి మసి అలాగే ఉంది.

"మా మందను పిలుస్తావా, పొమ్మంటావా? ఒకే మాట చెప్పు," అన్నాడు లేచి, నరసింహ కళ్లలోకి చూడకుండా.

నరసింహ గొర్రెల వైపు చూశాడు. "అవేం పాపం చేసినాయి? తోలుకురా. అందరికీ చెప్తా, పిలుస్తారు. కాని ఒకటి. ఈ చెరువు కింద ఉన్నన్నాళ్లూ నీ దిగుడులో పొయ్యి మండకూడదు. అగ్గిపుల్ల గీసినా మంద దాటిచ్చేస్తా."

మారెన్న పళ్లు పటపటలాడాయి. తలగుడ్డ దులిపి, చుట్టుకోకుండానే మంద వైపు నడిచాడు.

ఆ సాయంత్రం నరసింహ చేన్లో ఓబులమ్మ బొరుగులు తడిపి, పిండి, సీసా మూత తీసింది. మారెన్న వీపు తిప్పి కూచున్నాడు. ఆమె పళ్లెం పక్కన పెట్టి పోయింది.

"ఉప్పు ల్యాదు," అన్నాడు కాసేపటికి. మళ్లీ, "తిరగవాత మాడింది." ఇంకాసేపటికి, "కరేపాకు ఎవురికని ఏసినావు, మేకలకా?"

పళ్లెం ఖాళీ అయింది.

ఆయన్ని చల్లబరచాలని రామాంజి, "పెదనాయనా, కుందూ దాటించిన కత చెప్పు," అన్నాడు.

మారెన్న గొంతు సవరించుకున్నాడు. మీసం మొలవకముందే పెద్దనైన సంగతి చెప్పాడు. కుందూ పొంగిన సంగతి చెప్పాడు. తోడేలు సంగతి చెప్పాడు. చదువు సంగతి ఎత్తలేదు. "నేను దిగిన చేన్లో..." అని మొదలుపెట్టి, నోరు మూసుకున్నాడు. చెయ్యి మీసం దాకా పోయి ఖాళీ పళ్లెం మీదికి దిగింది.

"ఏందిమ్మే అట్ల సూస్తాండావు?" అని ఓబులమ్మ మీద అరిచాడు. "బొరుగులు ఇంకా ఉండాయా, అన్నీ నువ్వే తిన్యావా?"