మోమో మీది మడతలు

నేను గుంటూరులో మిర్చి కొట్టు గుమస్తాను. ఏడో తరగతితో చదువు ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. కంటబడిన ప్రతిదీ లెక్కపెట్టడం నాకు అలవాటు.

కిందటేడు మా అల్లుడు రెండు కుటుంబాలనూ బ్రాడీపేటలో మోమోల హోటలుకు తీసుకెళ్లాడు. ఇరవై ఏళ్లుగా మాంసం ముట్టని వాళ్లమ్మగారికి క్యాబేజీ మోమోలు, మిగతా అందరికీ చికెన్‌వి చెప్పాడు.

ప్లేట్లు రాగానే నా మోమో మీది మడతలను, కొట్లో బస్తాలు లెక్కపెట్టినట్టే ఒకటికి బదులు లాభం అనుకుని "లాభం, రెండు, మూడు" అంటూ లెక్కపెట్టాను. పదకొండు. మా ఆవిడ ప్లేటులో పద్నాలుగు. వియ్యపురాలి ప్లేటులోనూ పద్నాలుగే. వేరుగా ఉండాల్సింది ఆవిడవి కదా, నావి వేరుగా ఉన్నాయేంటి?

"తినకండి చెల్లెమ్మగారూ" అని అరిచాను. హోటలంతా ఇటు తిరిగింది.

"మడతలు లెక్కపెట్టడమేంటండీ, పరువు తీస్తున్నారు" అంది మా ఆవిడ.

"అవి వెజ్జే సార్" అని నవ్వాడు సర్వరు.

నాకు చెవులు వేడెక్కాయి. అయినా ఆవిడ ప్లేటులోంచి ఒకటి తీసి చిదిమాను. లోపల చికెన్ ఉంది. నా ప్లేటులోవి క్యాబేజీవి.

వంటాయన బయటికొచ్చి, "వెజ్‌కి పదకొండు, చికెన్‌కి పద్నాలుగు. గుర్తు కోసం నేనే అలా మడుస్తానండి. ఇన్నాళ్లకి కనిపెట్టింది మీరే" అన్నాడు.

కొత్త ప్లేటు రాగానే వియ్యపురాలు దాన్ని నా ముందుకు జరిపారు. "ముందు మీరు లెక్కపెట్టండి అన్నయ్యగారూ."

ఆరింటినీ చూసి, తినమన్నాను. పనికిరాని లెక్కలని ఇంట్లో మళ్లీ ఎవరూ దెప్పలేదు.