పాతనివ్వని రాయి

హనుమకొండ నుంచి ములుగు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి పేరు భీమె. నర్సింగ్ చదువుతోంది, సెలవులకు ఇంటికి వెళ్తోంది. కాకినాడ నుంచి వచ్చిన నేను మాట కలుపుదామని "మీదే ఊరమ్మా?" అని అడిగాను.

"ఏది చెప్పాలె అక్కా?" అంది.

వాళ్లు గుత్తికోయ ఆదివాసులు. నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య గొడవలకు భయపడి ఆమె తల్లిదండ్రులు ఛత్తీస్‌గఢ్ నుంచి పారిపోయి వచ్చారు. భీమె పుట్టింది మాత్రం ఇక్కడి అడవిలోనే. వాళ్లలో ఎవరైనా చనిపోతే ఊరి చివర పెద్ద రాయి నిలబెడతారట. పెద్దల రాళ్లు ఎక్కడుంటే అదే సొంత ఊరట.

"పోయిన వానకాలం మా బాపు జెరమొచ్చి సచ్చిపోయిండు. రాయి పాతబోతే ఇక్కడోళ్లు అడ్డమొచ్చిన్రు. ఇయ్యాల రాయి పాతి, రేపు జాగ మాదే అంటరన్నరు. అటు తీస్కపోదామంటే మా పాత ఊరే లేదక్కా, కాలిపోయింది."

"మరి ఆ రాయి?"

"ఇంట్లనే పండబెట్టినం. మా అమ్మ దాని పక్కనే పంటది. మమ్ముల ఎల్లగొడితే ఎత్తుకపోవాలె గద."

కిటికీ బయట టేకు చెట్లు మొదలయ్యాయి.

ఆమె దిగాల్సిన చోటు వచ్చింది. సంచీ భుజానికి తగిలించుకుని లేచి, ఒక్క క్షణం ఆగింది.

"మీ ఊర్ల మనిషి సచ్చిపోతే, ఈడ పెట్టుకుంటమని ఎవలనన్న అడగాల్నా అక్కా?"

"అక్కర్లేదు" అన్నాను.

నమ్మలేనట్టు నా ముఖంలోకి చూసి, దిగిపోయింది.