మూడో గార్డు ఎడమ చెయ్యి

ఏటా సీజన్ మొదలయ్యే ముందు మా బాస్కెట్‌బాల్ జట్టు గార్డుల గురించి తలా ఒక పేజీ రాసి, కోర్టులో అందరి ముందూ చదవడం నాకు అలవాటు. తెనాలిలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆటలు నేర్పుతాను. కాగితాల మీద ఫిజికల్ డైరెక్టర్ అని రాస్తారు, ఊళ్ళో మాత్రం డ్రిల్లు టీచరమ్మ అంటారు. రెండూ నేనే.

బాస్కెట్‌బాల్‌లో అయిదుగురు ఆడతారు. బంతిని వెనక నుంచి తీసుకొచ్చి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో చూసి ఇచ్చేవాళ్ళు గార్డులు. పొడుగు పిల్లలు పుడతారు, గార్డుల్ని మాత్రం తయారు చేసుకోవాలి. గార్డులు బాగా లేకపోతే మిగతావాళ్ళు పిలవని పెళ్ళికొచ్చిన చుట్టాల్లా నిలబడి దిక్కులు చూస్తుంటారు. అందుకే పేజీలు గార్డులకే.

నా పేజీలో ముందంతా తప్పులే ఉంటాయి, మెప్పు చివర్లో ఒక ముక్క. నాకు ఆట నేర్పినాయన అలాగే చదివేవాడు. ఏడుస్తూ విన్నాను, బాగుపడ్డాను. అందుకని నేనూ అదే పట్టుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే అని మా అమ్మ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. నా కోపం ముక్కు మీదే ఉంటుంది, ఏం చెయ్యను.

ఈ ఏడు నాకు ముగ్గురు గార్డులు. మొదటిది తెనాలి పిల్ల. కాళ్ళు చురుకు, నోరు అంతకన్నా చురుకు. బంతి చేతిలో ఉన్నప్పుడు కూడా పక్క పిల్లతో మాట్లాడుతుంది. ‘నువ్వు మాటలు మానితే మనం నాలుగు పాయింట్లు ఎక్కువ కొడతాం’ అని రాశాను. రెండోది బాపట్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల. దూరం నుంచి వేసిందంటే బంతి వల్లో పడ్డట్టే, కానీ తప్పిందా, ఇక ఆ పూటంతా ముఖం ముడుచుకునే ఉంటుంది. ఆ అలక సంగతి రాశాను. వాళ్ళిద్దరికీ చోటు ఖాయమే. వాళ్ళకీ తెలుసు, అందుకే నేను తిడుతుంటే నవ్వుకుంటూ విన్నారు.

మూడోది భట్టిప్రోలు పిల్ల. పొద్దున రేపల్లె నుంచి వచ్చే రైల్లో దిగుతుంది, సాయంత్రం మళ్ళీ అదే దారి. మూడేళ్ళలో ఒక్కరోజు ప్రాక్టీసు మానలేదు. రెండేళ్ళపాటు బెంచీ మీద కూర్చుని మిగతావాళ్ళకి నీళ్ళ సీసాలు అందించింది. ఈ ఏడు డిగ్రీ అయిపోతుంది. ఇప్పుడు ఆడకపోతే ఇక ఆ పిల్లకి ఆట లేదు. తెనాలి పిల్ల పక్కన మొదటి అయిదుగురిలో నిలబడాలని దాని కోరిక. నోరు తెరిచి ఎప్పుడూ అడగలేదు కానీ, నేను జట్టు పేర్లు చదివే ప్రతిసారీ ఆ కళ్ళు నా పెదాల మీదే ఉండేవి.

చూపు మంచిది. ఎవరు ఎక్కడున్నారో తల తిప్పకుండానే చెబుతుంది. కానీ ఎడమ చెయ్యి పనికిరాదు. బంతిని కుడిచేత్తోనే నేలకి కొట్టుకుంటూ వెళ్తుంది. ఎడమ చెయ్యి వాడమని నేను ఎన్ని వందలసార్లు అరిచానో నాకే తెలియదు. అరిస్తే వాడేది, పొయ్యి మీది గిన్నె ముట్టుకున్నట్టు ముట్టుకుని వదిలేసేది.

ఆ రోజు చదివాను. ‘ఈ పిల్లకి ఎడమ చెయ్యి ఉన్నట్టు దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. నేనే ఎదుటి రేపల్లె జట్టయితే ఈమె కుడిపక్కన ఒక మనిషిని నిలబెట్టి, హాయిగా ఇంటికెళ్ళి పడుకుంటాను.’

పిల్లలు పకపకా నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. నవ్వుతూనే ఎడమ చేతిని వెనక్కి పెట్టుకుంది. మెప్పు ముక్క ఒకటి ఉంది చివర్లో, చూపు బాగుందని. ఆ నవ్వుల్లో అదెవరికీ వినపడలేదు. నేనూ మళ్ళీ చదవలేదు.

మర్నాడు ప్రాక్టీసుకి రాలేదు. ఆ మర్నాడూ లేదు. ఫోను చేస్తే తియ్యలేదు. క్లాసులకు వస్తోందట, గంట కొట్టగానే స్టేషనుకి పోతోందట. నాకు ఒళ్ళు మండింది. మూడేళ్ళు నేర్పితే ఒక్క మాట పడలేదా, పోతే పోనీ అని పిల్లల ముందు అన్నాను. అన్నానే కానీ ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. నీళ్ళ సీసాల డబ్బా బెంచీ పక్కన ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది, దాన్ని చూస్తే ఏదోలా ఉండేది.

సోమవారం పొద్దున బాపట్లకి పన్నెండుమంది పేర్లు పంపాలి. మొదటి మ్యాచ్ అక్కడే. ఆదివారం పొద్దున రేపల్లె రైలెక్కాను. ఆదివారమైతేనే వాళ్ళమ్మ ఇంటిపట్టున ఉంటుంది. మిగతా రోజుల్లో నాట్లకి పోతుంది. ఊళ్ళో పని లేకపోతే ఆటోలో రేపల్లె దాటి పెనుమూడి దాకా కూడా పోతారు.

భట్టిప్రోలు స్టేషన్లో దిగి అడుగుతూ అడుగుతూ వెళ్ళాను. చర్చి అప్పుడే వదిలినట్టుంది, తెల్లచీరలు కట్టుకున్న ఆడవాళ్ళు బైబిళ్ళు పట్టుకుని ఇళ్ళకి పోతున్నారు. ఫలానా పిల్ల ఇల్లు అంటే, ఆ సిమెంటు రోడ్డు చివర అండి, బంతి చప్పుడు వినపడుతుందండి అన్నారు.

నిజంగానే వినపడింది. మలుపు తిరిగి ఆగిపోయాను. ఆ పిల్ల నాకు వీపు పెట్టి ఉంది. చర్చికి వేసుకున్న కొత్త చుడీదారు మీదే, రంగు వెలిసిన పాత బంతితో ఆడుకుంటోంది. రోడ్డు పక్కన పెట్టిన సైకిలు చుట్టూ, నీళ్ళ బిందెల మధ్య నుంచి, ఆగి ఉన్న ఆటో వెనక నుంచి, కిందికి చూడకుండా బంతిని కొట్టుకుంటూ తిరుగుతోంది. ఎడమచేత్తో. అంత నిబ్బరంగా బంతి కొట్టే చెయ్యి ఇరవై ఏళ్ళలో మా కోర్టులో నేను చూడలేదు.

సంతోషం వేసింది, ఆ వెంటనే కోపం వచ్చింది. ఇంత చెయ్యి పెట్టుకుని మూడేళ్ళు నన్ను ఏడిపించిందా అని. అదే అడిగేశాను, పలకరింపు కూడా లేకుండా. ఆ పిల్ల ఉలిక్కిపడింది. బంతి కాలవ వైపు దొర్లిపోయింది. చెయ్యి మళ్ళీ వెనక్కి పోయింది.

అలికిడికి వాళ్ళమ్మ బయటికి వచ్చింది. ఎండకి నల్లబడ్డ, బక్కపల్చటి మనిషి. కుర్చీ వేసి, కొంగుతో తుడిచి, కూర్చోండి మేడం గారూ అంది. నేను కూర్చోలేదు. అడిగిందే మళ్ళీ అడిగాను. ఈ చెయ్యి నా దగ్గర ఎందుకు దాచావు?

ఆ పిల్ల నేల చూస్తూ నెమ్మదిగా అంది:

“మొదటి సంవత్సరం, జట్టులో చేరే ఫారం ఎడం చేత్తో ఇచ్చాను మేడం. మీరు తీసుకోలేదు. ఎడం చేత్తో ఇస్తావేంటి, ఇంట్లో నేర్పలేదా అన్నారు. అందరూ ఉన్నారు. అప్పట్నుంచి మీ ముందు ఆ చెయ్యి తియ్యాలంటే బిగుసుకుపోతుంది.”

నాకు తల కొట్టేసినట్టయింది. అంత మాట అన్న గుర్తు కూడా లేదు నాకు. అయితే అనే ఉంటాను. ఇప్పటికి ఎంతమందిని అన్నానో. ఎడమచేత్తో ఇస్తే మా ఇంట్లో మా నాయనమ్మ పుచ్చుకునేది కాదు, నేనూ పుచ్చుకోను. ఎందుకు అని ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్క మాటతో ఆ చేతిని నేనే ముడిపించి, మూడేళ్ళు ఆ చెయ్యి వాడవేం అని అరిచాను. అరిచింది చాలక పేజీ రాసి చదివాను. ఇంట్లో నేర్పలేదా అన్నానే, ఆ ఇల్లు ఇదీ. అప్పుడు కూర్చున్నాను.

వాళ్ళమ్మ టీ పట్టుకొచ్చింది. గ్లాసు ఇస్తున్నప్పుడు చూశాను. ఎడమ చేత్తో పట్టుకొచ్చి, నా దగ్గరికి రాగానే కుడిచేతిలోకి మార్చుకుని ఇచ్చింది. ఎంత అలవాటయిపోయిందో, చెయ్యి మారుస్తున్నట్టు ఆమెకే తెలియదు.

“మీకూ ఎడమ చెయ్యేనా అమ్మా?” అన్నాను.

“అవునండి. దీనికి నా చెయ్యే వచ్చిందండి. బళ్ళో పంతులు కొట్టి కుడిచేత్తో రాయించాడు కానీ, చెయ్యి మారుద్దా అండి” అంది నవ్వుతూ.

నాట్లకి వెళ్ళిన కొత్తలో తను పడ్డ పాట్లు కూడా ఆమే చెప్పింది. అందరూ నారు ఎడమచేత పట్టుకుని కుడిచేత్తో నాటుతారు. ఈమె దానికి ఎదురు. వరసలో వంగితే పక్కామె మోచెయ్యీ ఈమె మోచెయ్యీ కొట్టుకునేవి. తిట్టని మనిషి లేదట. కుడిచేత్తో నాటితే సగం పనే అయ్యేదట. ఇక మానేద్దామనుకుంటుంటే వాళ్ళ ముఠాలో పెద్దావిడ ఒకామె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వరస చివర నిలబెట్టిందట. నీ ఎడమ చేతి పక్కన గట్టే ఉంటుంది, ఇక ఎవరికి తగులుతావే, నాటు అందట.

“అంతేనండి మేడం గారూ. అప్పట్నుంచి ఆ చివర నాదేనండి. నాకంటే ముందు ఎవ్వరూ ఒడ్డు చేరరండి.”

ఆ పెద్దావిడ ఏ కాలేజీలో చదివిందో, ఎవరు నేర్పారో. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు తోచనిది ఆమెకి ఒక్క పూటలో తోచింది. ఆ టీ తాగుతుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అని నేను అనుకుంటాననుకుందేమో ఆమె, గ్యాసు పొయ్యేనండి అంది కంగారుగా. నవ్వొచ్చింది నాకు.

రేపు రమ్మని ఆ పిల్లని బతిమాలాను. నేను మనుషుల్ని బతిమాలి చాలాకాలమైంది, సరిగ్గా చేతకాలేదు. తప్పు నాదేనమ్మా, రా అన్నాను. వస్తాననలేదు, రాననలేదు. కాలవ గట్టున ఆగిన బంతి తెచ్చుకోడానికి వెళ్ళింది.

సోమవారం పొద్దున పన్నెండు పేర్లలో ఆ పిల్ల పేరు రాసి పంపేశాను, వస్తుందో రాదో తెలియకుండానే. సాయంత్రం కోర్టులో పిల్లలందర్నీ కూర్చోబెట్టాను. ఆ పిల్ల అందరికీ వెనగ్గా, పుస్తకాల సంచీ భుజం మీంచి దించకుండా నిలబడింది, రైలుకి పోదామా ఉందామా అన్నట్టు. నా పుస్తకం తీసి, మళ్ళీ రాసుకొచ్చిన మూడో గార్డు పేజీ చదివాను. ముందు తప్పులు కదా, చదివాను. అన్నీ నావి. ఫారం సంగతి, మూడేళ్ళ అరుపులు, అందరూ నవ్విన ఆ మాట. ఎవరూ నవ్వలేదు. తెనాలి పిల్ల కూడా నోరు మూసుకుని వింది, అది జరగడం అదే మొదలు. చివర్లో మెప్పు ముక్క చదివాను, ఈసారి గట్టిగా: ‘ఈ ఏడు కోర్టులో ఎడమ పక్క ఈమెది. ఆ గీత వెంట ఈమె వస్తుంటే మిగతావాళ్ళు దారివ్వండి.’

ఆ పిల్ల సంచీ దించి బెంచీ మీద పెట్టింది.

రెండు వారాలకి బాపట్ల వెళ్ళాం. మ్యాచ్‌కి ముందు జెర్సీలు ఇచ్చేది నేనే. పేరు పిలుస్తాను, పిల్ల వస్తుంది, కుడిచేత్తో పుచ్చుకుని కళ్ళకద్దుకుని వెళ్తుంది. ఎప్పట్నుంచో అంతే. మొదటి అయిదుగురివి ముందు ఇస్తాను. తెనాలి పిల్ల తీసుకుంది, బాపట్ల పిల్ల తీసుకుంది. మూడో పేరు పిలిచాను.

ఆ పిల్ల వచ్చి నా ముందు నిలబడింది. ముందే అనుకుని వచ్చాను కాబట్టి జెర్సీని ఎడమచేతిలోకి మార్చుకుని చాపాను. యాభై ఏళ్ళు దాటిన మనిషిని, అలా ఎవరికీ ఏదీ ఇచ్చి ఎరగను. పిల్లలంతా చూస్తున్నారు. ఆ పిల్ల నా చెయ్యి చూసింది, నా ముఖం చూసింది. దగ్గరికి జరిగి, నాకు మాత్రమే వినపడేలా అంది.

“మీది కుడిచెయ్యి కదా మేడం. మీరు కుడిచేత్తోనే ఇవ్వండి. నేను ఎడం చేత్తో తీసుకుంటాను.”

చెయ్యి మార్చి ఇచ్చాను. ఎడమచేత్తో పుచ్చుకుంది, కళ్ళకద్దుకుంది, జెర్సీ వేసుకుని వెళ్ళి కోర్టులో ఎడమ పక్క గీత దగ్గర నిలబడింది.