బానెట్ మీద నాలుగు వేళ్ళు

నూకరత్నం పుట్టింది పూడిమడక ఒడ్డున. పెళ్ళయ్యాక అనకాపల్లి మార్కెట్లో చేపలు కోసి అమ్మింది. మొగుడు తాగొచ్చి కొట్టేవాడు. అతను ఆమె పై పన్ను విరగ్గొట్టిన రోజున, పొయ్యి మీద మరుగుతున్న పులుసు దాకను ఎత్తి అతని కాళ్ళ మీద గుమ్మరించింది. కేకలు పెడుతూ, కుంటుకుంటూ పోయినవాడు మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "సందువా సేప పులుసు. మొత్తం నేలపాలైపోనాది" అనేది.

ఆ తర్వాత బైపాస్ పక్కన వెంకటరమణ కార్ల షెడ్డులో చేరింది. మొదట్లో టైర్లూ మ్యాట్లూ కడిగేది. చేపల పొలుసు గీకిన వేళ్ళు కదా, పెయింటు మీది గరుకు ఆమెకు ఇట్టే తెలిసిపోతుందని వెంకటరమణ కనిపెట్టాడు. అచ్యుతాపురం కంపెనీల పక్కన ఎండలో నిలిపే కార్లు పైకి తళతళలాడుతూనే ఉంటాయి. చెయ్యి వేస్తే మాత్రం ఇసక రాసినట్టుంటుంది. ఇనుప రజను, తారు చుక్కలు, చెట్ల జిగురు పెయింటును కరుచుకుని ఉండిపోతాయి. సబ్బుకీ నీళ్ళకీ రావు. చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని తడి కారును నిమిరితే అవి ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఇనుప రజనుకి ఒక స్ప్రే ఉంది. కొడితే ఊదారంగులో కరిగి కారుతుంది, కుళ్ళిన గుడ్ల కంపు. తారుకి వేరే స్ప్రే. అప్పటికీ మిగిలినదాన్ని అంటించుకుని లాగడానికి మైనంలా సాగే క్లే ముద్ద. సబ్బునీళ్ళు జల్లి, దాన్ని తేలిగ్గా జరపాలి.

"ముద్ద కిందడితే పారెయ్యి రత్నం" అనేవాడు వెంకటరమణ. "ఒక్క ఇసక రేణువు అంటుకున్నా కారంతా గీసేత్తాది."

ఆ పని ఆమెకు నచ్చింది. ఇంటికి వెళితే చేతులు చేపల వాసన రాకపోవడం ఇంకా నచ్చింది.

ఒకరోజు పొద్దున్న టీ కొట్టు దగ్గర అందరి నోటా ఒకే మాట. మాడుగుల రోడ్డులో తారు వేస్తున్న దుర్గాలక్ష్మి అనే కూలిమనిషిని తెల్లవారుజామున ఏదో కారు గుద్దేసింది. గుద్ది ఆగలేదు. బానెట్ మీద పడ్డ మనిషిని అలాగే మోసుకుపోయి, మలుపులో విదిలించి, పైనుంచి పోయింది. తోటి కూలీలు పరిగెత్తి వెళ్ళేసరికి ముఖం గుర్తుపట్టేలా లేదట. నూకరత్నం సగం టీ పారబోసి షెడ్డుకి వచ్చేసింది.

కాసేపటికి ఒక తెల్ల కారు లోపలికి వచ్చింది. ముందు లైటు పగిలి ఉంది. దిగినవాడు తారక్. వాళ్ళ నాన్నకు రాళ్ళ క్రషర్ ఉంది. ఆ క్రషర్ లారీలన్నీ వెంకటరమణ దగ్గరే కడిగిస్తారు.

"గేదె అడ్డొచ్చింది" అన్నాడు తారక్. "బానెట్ మీద తారు పడింది. పెట్రోలేసి తుడిస్తే ఇంకా పులుముకుపోయింది. గట్టి క్లే ఉంటాదంట కదా, అదేసి రుద్దేయండి. తొందరగా అయిపోవాల."

వెంకటరమణ సామాను పెట్టె తెరిచాడు. "గట్టి ముద్ద ఎర్రది బాబూ. అదేత్తే తారుతోపాటు మెరుపూ పోద్ది. ముందు తారు స్ప్రే కొట్టి, ఆనక ఈ నీలం మెత్తముద్దతో లాగుదాం. రత్నం, ఎంత మందముందో ఓపాలి సూడు."

నూకరత్నం నీళ్ళు జల్లి, కవరు తొడుక్కుని బానెట్ మీద చెయ్యి వేసింది. కంటికి అక్కడ నల్లటి పులుముడు తప్ప ఏమీ లేదు. కానీ పులుముడు కింద గట్లున్నాయి. అద్దం వైపు మందంగా మొదలై, ముందుకు వచ్చేకొద్దీ పల్చబడుతున్నాయి. ఒకటి. పక్కనే ఇంకొకటి. మొత్తం నాలుగు, పక్కన పొట్టిగా ఇంకోటి. రోడ్డు మీది తారు ఎప్పుడైనా చక్రాల వెనక, తలుపుల కింది భాగాన చిమ్ముతుంది. బానెట్ మధ్యకు ఎక్కదు.

ఆమె తన వేళ్ళు ఆ గట్ల మీద ఆనించింది. చిటికెన వేలు ఒక్కటి కాస్త పక్కకు పోయింది, మిగతావి సరిగ్గా సరిపోయాయి. తారు పనిచేస్తున్న చెయ్యి ఆ కారును పట్టుకుంది. పట్టు దొరక్క జారింది.

ఆమె కవరు విప్పేసింది. "అన్నియ్యా, దీన్ని కడగొద్దు."

"ఏటి, ఏటయ్యింది?" అన్నాడు వెంకటరమణ.

"గేదె అంతన్నాడు. గేదెకి సేతి ఏళ్ళుంతాయేటి?"

వెంకటరమణ ఆమె వంకా, తారక్ వంకా చూసి, గొంతు తగ్గించి, "మనకెందుకు రత్నం, కడిగేసి పంపేద్దాం" అన్నాడు. ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. అప్పటికే తారక్ తారు స్ప్రే సీసా అందుకుని బానెట్ మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒక వేలి చివర గోధుమరంగులో కరిగి కిందికి కారింది. ఆమె సీసాను ఒక్క తోపు తోసింది. అది ఎగిరి గోడకు కొట్టుకుంది.

తారక్ ఆమె జుట్టు పట్టుకుని ముఖాన్ని కారు తలుపుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ముక్కులోంచి నెత్తురు తెల్ల పెయింటు మీద చిమ్మింది. ఆమె అతని ముంజేతిని కరిచింది, నోట్లో చర్మం ఊడివచ్చేదాకా వదల్లేదు. అతను అరిచి పట్టు సడలించగానే ప్రెజర్ గన్ అందుకుని మూరెడు దూరం నుంచి అతని ముఖానికేసి వదిలింది. అతను కళ్ళు మూసుకుని వెల్లకిలా పడ్డాడు. పడినచోటే చేతికి వీల్ పానా దొరికింది. లేస్తూనే దాన్ని ఆమె కుడి మణికట్టు మీద దించాడు. చెరకు గడ విరిచినట్టు చప్పుడైంది. గన్ కింద పడి, పాములా నేలంతా కొట్టుకుంది.

పానా మళ్ళీ లేచింది, ఈసారి తలకు. అప్పుడు కదిలాడు వెంకటరమణ. పాలిషింగ్ మెషీన్ ఎత్తి తారక్ నడుం మీద బలంగా కొట్టి, షట్టర్ సగానికి లాగి, "రండిరా! ఆడమనిషిని సంపేత్తన్నాడు! మాడుగుల రోడ్డు కారు ఇదే!" అని బయటికి అరిచాడు.

టీ కొట్టు దగ్గరున్నవాళ్ళంతా వచ్చిపడ్డారు. ఏం జరిగిందో సగం వినీ వినకుండానే కొట్టడం మొదలుపెట్టారు. చెప్పులతో, బెల్టులతో, కాళ్ళతో. తారక్ పళ్ళు రెండు నేల మీద పడ్డాయి. అతను ఏడుస్తూ డబ్బులిస్తానన్నాడు. దాంతో ఇంకా కొట్టారు. ఒక లారీ డ్రైవరు పానా అందుకుని, "ముందు దీన్ని తుక్కు సెయ్యాల!" అంటూ బానెట్ మీదికి ఎత్తాడు.

నూకరత్నం వేలాడుతున్న చేత్తోనే వెళ్ళి బానెట్ మీద బోర్లా పడింది. ఒళ్ళు తారు చారలకు తగలకుండా మోచేతుల మీద ఆనుకుంది.

"దీని మీద సెయ్యెయ్యకండి! నన్ను కొట్టుకోండి కావాలంటే. అది ఆవిడ సెయ్యిరా! సచ్చిపోయినావిడ సెయ్యి!"

డ్రైవరు పానా దించాడు. పోలీసు జీపు వచ్చేవరకు ఆమె అక్కడినుంచి లేవలేదు. నొప్పికి వాంతి వచ్చినా, తల పక్కకు తిప్పి నేల మీదికే కక్కింది.

తారక్ కొన్నాళ్ళు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది. క్రషర్ లారీలు షెడ్డుకు రావడం మానేశాయి. వెంకటరమణ ఆమె ముందు తల ఎత్తలేక చాలా రోజులు గోడకేసి చూస్తూ మాట్లాడాడు. కడిగేసి పంపేద్దాం అన్న మాటకు ఆమె అతన్ని ఎత్తిపొడవలేదు, దాన్ని మరిచిపోనూ లేదు. మణికట్టు వంకరగా అతుక్కుంది. ఇప్పుడు క్లే ఎడమచేత్తో లాగుతుంది.

వానలు మొదలయ్యాక దుర్గాలక్ష్మి తల్లి ముసలమ్మ షెడ్డు వెతుక్కుంటూ వచ్చింది. "నువ్వేనా అమ్మా? నా పిల్ల సెయ్యి ఓసారి సూపించవా" అంది. నూకరత్నం ఆమెను ఆటోలో స్టేషన్‌కు తీసుకెళ్ళి, ఆవరణలో కాపలా ఉన్న కానిస్టేబుల్‌ను బతిమాలింది. ముట్టుకోకూడదని చెప్పి అతను తెల్ల కారు మీది టార్పాలిన్ ఎత్తాడు.

పోలీసులు సుద్దగీతలతో గుర్తుపెట్టిన వేళ్ళను ముసలమ్మ వంగి చాలాసేపు చూసింది.

"సిటికినేలు పక్కకి పోయింది సూడు" అంది. "సిన్నపుడు తలుపులో నలిగిపోనాది. నేనే తలుపేసేను."

తర్వాత ఆమె ఆ కారు టైరును తన్నడం మొదలుపెట్టింది. వట్టికాలితో, పళ్ళు బిగించి, బొటనవేలి గోరు లేచిపోయి నెత్తురు కారుతున్నా తన్నుతూనే ఉంది. కానిస్టేబుల్ ఆపబోతే నూకరత్నం అడ్డం నిలబడింది.

"తన్ననీయండి బాబూ" అంది. "బానెట్ జోలికెళ్ళదు. నేను సూత్తాను."